ఇంగ్లీషు సినిమాలో మా అయ్య వీపు

పోయిన వారం మా అమ్మాయి నన్ను రుషికొండ బీచికి తీసుకెళ్ళింది. ఇసకలో నడిస్తే మోకాళ్ళకు మంచిదని ఎవరో డాక్టరు చెప్పాడట. తీరా వెళ్తే అక్కడ నడిచే చోటే లేదు. ఏదో షూటింగు. గొడుగులు, తాళ్ళు, జనాన్ని పక్కకు తోసే కుర్రాళ్ళు. వాళ్ళలో టోపీ పెట్టుకున్నవాడు నా దగ్గరికి వచ్చి, "ఆంటీ, ఒక చిన్న హెల్ప్. మీరు అలా నీళ్ళ వైపు నడుచుకుంటూ వెళ్ళండి. మేం పిలవగానే ఒక్కసారి వెనక్కి తిరిగి చూడండి, చాలు. వెనకాల పెద్దావిడ ఉంటే సీను బాగుంటుంది" అన్నాడు.

"తిరగను" అన్నాను.

"రెండు సెకన్లే ఆంటీ."

"రెండు సెకన్ల ముఖం నీకెందుకురా? నచ్చకపోతే కత్తిరించి పారేస్తావు. ఆ మాత్రానికి నేను తిరగాలా? పో అవతలికి."

నా గొంతు నేను అనుకున్నదానికంటే పెద్దగానే వచ్చినట్టుంది, నలుగురూ తిరిగి చూశారు. మా అమ్మాయి సిగ్గుతో నా చెయ్యి పట్టుకుని కారు దాకా లాక్కెళ్ళింది. "ఆ అబ్బాయి ఏమన్నాడని అంత ఎగిరావమ్మా?" అని అడిగింది. మోకాళ్ళ నొప్పి అన్నాను. బళ్ళో పాఠాలు చెప్పీ చెప్పీ రిటైరైనదాన్ని, కన్నకూతురికి ఈ ఒక్క సంగతి చెప్పడానికి నోరు రాలేదు. మనసులోది బయటపెడితే కోపం తగ్గుతుందంటారు. నాకు తగ్గించుకోవాలని లేదు. అయినా రాస్తున్నాను.

మా పేట పాత ఊరి అంచున, ఒకపక్క హార్బరు, ఒకపక్క సముద్రం నొక్కేస్తే మధ్యలో మిగిలినంత చోటులో ఉండేది. తాటాకు ఇళ్ళు, ఇళ్ళ ముందు ఇసకలో ఆరబోసిన చేపలు, వాటి మీద కాకులు, కాకుల మీదకి కర్రలతో మేము. గాలి సముద్రం నుంచి వీస్తే ఉప్పు వాసన, హార్బరు నుంచి వీస్తే ఎర్రటి ఖనిజం దుమ్ము. ఉతికి ఆరేసిన చీర మధ్యాహ్నానికి కావిరంగు తిరిగేది. మా అమ్మ ఆ దుమ్మును తిట్టని రోజు లేదు. ఇప్పుడు ఆ చోట హార్బరు గోడ ఉంది, గేటు ఉంది, గేటు దగ్గర కాపలావాడు ఉన్నాడు. నేను పుట్టిన నేల మీదకు వెళ్ళాలంటే నాకు పాసు కావాలి.

అక్కడ పిల్లలం ఆకలికి ఏడ్చింది తక్కువ. ఆరబోసిన నెత్తళ్ళు, వేలెడంత చేపలు, గుప్పెడు దొంగిలించి గౌను జేబులో వేసుకుంటే బడి వదిలే దాకా నములుకోవచ్చు. పంతులమ్మ ముక్కు చిట్లించి "ఎవరే ఆ కంపు?" అంటే అందరం పక్కవాళ్ళ వైపు చూసేవాళ్ళం. మా మామ్మ, అంటే మా అయ్య తల్లి, తెల్లారకుండానే చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని బజారుకు వెళ్ళిపోయేది. తిరిగొచ్చేటప్పుడు కొంగులో కట్టి బెల్లం జీళ్ళు తెచ్చేది. ఆ జీళ్ళకి కూడా చేపల వాసనే. ఇప్పటికీ వాసన లేని జీడి తింటే ఏదో లోటుగా ఉంటుంది నాకు.

ఇక మా అయ్య. బీడీ పొగ వాసన, తడి తాడు వాసన, వలలు ముంచే చెక్క కషాయం వాసన, ఇవన్నీ బాగా గుర్తు. గొంతు గుర్తు. ముఖం మాత్రం గుర్తు లేదు. ఎందుకంటే ఆయన ఒడ్డున ఉన్నంతసేపూ నేను ఆయన భుజాల మీదే ఉండేదాన్ని. భుజాల మీద కూర్చున్నవాళ్ళకి నడినెత్తి కనిపిస్తుంది, చెవులు కనిపిస్తాయి, ముఖం కనిపించదు. తెప్ప దుంగలు మోసీ మోసీ ఆయన ఎడమ భుజం కిందికి వాలిపోయింది. నేను అటే జారేదాన్ని, జారినప్పుడల్లా జుట్టు పట్టుకునేదాన్ని. "ఓలమ్మ, నా జుట్టు పీకీకే గుంటా" అనేవాడు. ఫొటో లేదు. ఫొటో దిగితే ఆయుష్షు తగ్గిపోతుందని మామ్మ భయం. పెళ్ళికి కూడా తియ్యనివ్వలేదట.

మామ్మకు భయాలు చాలా ఉండేవి. అన్నిటికంటే పెద్దది వెనక పిలుపు. వేటకి వెళ్ళే మగవాణ్ణి వెనక నుంచి పిలవకూడదు. ఇల్లు అంటుకున్నా సరే, పిలవకూడదు. వాడు కూడా నీళ్ళలో కాలు పెట్టాక ఒడ్డు వైపు తిరిగి చూడకూడదు. పొరపాటున పిలుపు విని తిరిగాడా, ఇక అలాగే గంగలోకి, అంటే సముద్రంలోకి, వెళ్ళడానికి లేదు. తెప్ప వదిలి వచ్చి, ఇంటి ముందు కూర్చుని, పెళ్ళాం చేతి చెంబుడు నీళ్ళు తాగి, కాసేపాగి అప్పుడు మళ్ళీ బయల్దేరాలి. అలా చెయ్యకుండా వెళ్ళినవాణ్ణి గంగమ్మ ఆ రోజు కాకపోతే మరో రోజు తనలో ఉంచేసుకుంటుందట. వినకుండా, తిరక్కుండా వెళ్ళిపోతే మాత్రం దోషం లేదు, పిలుపు వాడికి తగలనట్టే. మా పేటలో ఇది ఎవరూ ఎవరికీ నేర్పనక్కర్లేదు. నడక వచ్చిన పిల్లకు కూడా తెలుసు.

అలాంటి పేటకి ఇంగ్లీషు సినిమావాళ్ళు వచ్చారు.

దొరలు నలుగురైదుగురు, ఎండకి ఉడికిన రొయ్యల రంగు తిరిగిపోయి, చెమటలు కక్కుతూ దిగారు. వాళ్ళకూ మాకూ మధ్య మాట చేరవెయ్యడానికి మద్రాసు నుంచి ఒక మేనేజరు వచ్చాడు. తెల్ల ప్యాంటు వేసుకుని చేపల పేటలోకి వచ్చిన మనిషి తెలివి ఎంతో మీరే ఊహించుకోండి. "హాలీవుడ్ వాళ్ళమ్మా! ప్రపంచమంతా మిమ్మల్ని చూస్తుంది!" అని ఇంటింటికీ తిరిగి చెప్పాడు. వాళ్ళు తిని పారేసిన జాము డబ్బాల కోసం పిల్లలం కొట్టుకున్నాం. నాకు దొరికిన డబ్బాలో అడుగున ఇంకా కొంచెం మిగిలి ఉంది. వేలితో తీసి అయ్యకు నాకించాను. "సేదుగా ఉన్నాదేటి" అన్నాడు. చేదు కాదు, నా వేలికి నెత్తళ్ళ ఉప్పు ఉంది.

పాత ఊళ్ళో మసీదు సందులో మాకు తెలిసిన టైలరు సాయిబు ఉండేవాడు. మామ్మ దగ్గర చేపలు కొనేవాడు, మాకు గౌన్లు కుట్టేవాడు. దొరల సినిమాకి కోట్లు కుట్టే పని అతనికి దొరికింది. వారం పాటు పేటలో అతని నడకే మారిపోయింది.

సీను చిన్నదే. పొద్దున్నే మావాళ్ళు తెప్పలు తోసుకుంటూ నీళ్ళలోకి వెళ్ళాలి. నడుం లోతుకి వెళ్ళాక ముందున్నవాడు ఒక్కసారి వెనక్కి తిరిగి ఒడ్డు వైపు చూడాలి. ముందున్నవాడు మా అయ్య. తెప్పలు తోశారు, వెళ్ళారు, ఎవడూ తిరగలేదు. దొర అరిచాడు. మేనేజరు పరిగెత్తాడు. "ముఖం కనపడాలయ్యా! ఒక్కసారి తిరిగితే మీ సొమ్మేం పోయింది?" అన్నాడు.

"తిరగం బాబూ" అన్నాడు మా అయ్య. "అడుగెట్టినాక తిరగం. ఇంకేటైనా సెప్పు, సేత్తాం."

మళ్ళీ తోశారు. మళ్ళీ తిరగలేదు. దొర నెత్తి మీది టోపీ తీసి ఇసకలో కొట్టాడు. అప్పుడు మేనేజరుకి ఒక ఉపాయం తట్టింది. పెళ్ళాలు పిలిస్తే తిరుగుతారు! ఒడ్డున నిలబడ్డ ఆడవాళ్ళను అడిగాడు. అడగడమే తరువాయి, అందరూ చెవులు మూసుకుని ఇళ్ళలోకి వెళ్ళిపోయారు. మా అమ్మ ఒక్కతే వెళ్ళలేదు. ఆమెకు సినిమా పిచ్చి. నేల టికెట్టు కొని అయ్యతో ఎన్ని ఆటలు చూసిందో లెక్కలేదు. ఆమె వయసు అప్పుడు మా అమ్మాయి ఇప్పటి వయసులో సగం కూడా ఉండదు. "నీ మొగుడు తెర మీద కనపడాలా, వద్దా?" అని అడిగాడు మేనేజరు. అమ్మ కాసేపు కొంగు కొరుకుతూ నిలబడి, తరవాత నీళ్ళ అంచుదాకా వెళ్ళి పిలిచింది.

పిలిచిందన్నది నాకు తెలుసు. అయ్య తిరిగాడా లేదా అన్నది తెలీదు. తెప్పలు తోస్తున్న మిగతావాళ్ళు చూపు ముందుకే పెట్టుకున్నారు. ఆడవాళ్ళు తలుపులు మూసుకున్నారు. మామ్మ బజారులో ఉంది. నేనా, అక్కడే ఉన్నాను. కానీ దొరలు ఎండను మనుషుల ముఖాల మీదకి తిప్పడానికి పెద్ద పెద్ద వెండిరేకు పలకలు తెచ్చారు. మా ఇంట్లో ఉన్న అద్దం అరచేతిలో పట్టేంత. అంత పెద్ద పలకలో నేను నిలువెల్లా కనిపిస్తుంటే నాలుక బయటపెట్టీ, కళ్ళు తిప్పీ నన్ను నేను చూసుకుంటూ ఉండిపోయాను. నేను తలెత్తేసరికి తెప్పలు కెరటాలు దాటిపోయాయి. దొర చప్పట్లు కొడుతున్నాడు.

ఆ వారం తిరక్కుండానే గాలివాన పట్టింది. అయ్య వేటలో ఉన్నాడు. తెప్ప దుంగలు రెండు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. అయ్య రాలేదు.

సినిమావాళ్ళు అప్పటికే పెట్టెలు సర్దుకుని వెళ్ళిపోయారు. వెనక పిలుపు సంగతి మామ్మకు ఎవరు చేరవేశారో తెలీదు, ఏడుపులు ఇంకా ఆగకముందే అడిగింది.

"ఎనక నుంచి పిలిసినావేటే ఆణ్ణి?"

"పిలిసేనత్తా" అంది అమ్మ. "గానీ నీ కొడుకు తిరగనేదు. ఇనపడనేదు కావాల. అలగే ఎల్లిపోనాడు."

"తిరగనేదా?"

"నేదు."

"గంగమ్మ మీద ఒట్టెయ్యే."

అమ్మ ఒట్టేసింది. మామ్మ నమ్మలేదు. నమ్మాలనీ లేదు ఆవిడకి. ఆ రోజు నుంచి అమ్మ చేతి నీళ్ళు తాగలేదు. ఒకే చూరు కింద రెండు పొయ్యిలు పెట్టింది. ఎండలో బజారు నుంచి వచ్చి, నాలుక పిడచకట్టుకుపోతున్నా, అమ్మ ఎదురుగా చెంబుతో నిలబడితే పక్కనుంచి వెళ్ళి కుండలో తనే ముంచుకునేది. రోజుకోసారైనా గోడకేసి చూస్తూ అనేది, "తిరిగే ఉంటాడు. తిరిగినోడు వొచ్చి కూకోవాల, నీల్లు తాగాల. దొరలు ఆగనిచ్చినారా? ఇది ఆగమన్నాదా?" అని. అమ్మ చేపలు కడిగేది. కడిగిన చేపలనే మళ్ళీ కడిగేది.

నేను ఐదో తరగతిలో ఉండగా ఒకరోజు టైలరు సాయిబు మెడలో టేపు కూడా తియ్యకుండా పేటలోకి పరిగెత్తుకొచ్చాడు.

"అరె అమ్మా, మన పిక్చర్ వచ్చేసింది! కసమ్, పోస్టరు నా కళ్ళతో చూశాను. ఆదివారం పొద్దుటాట. నా కోట్లు, మీ తెప్పలు, అన్నీ ఉంటాయి. మీవాడు ఉంటాడు!"

మామ్మ చేతిలోని చేప జారిపోయింది. "ఆడు అవుపిస్తాడా సాయిబూ? మొకం అవుపిస్తాదా?"

"ఎందుకు అవుపించదు? దాని కోసమే కదా అంత గోల చేశారు!"

అప్పుడు మా ముగ్గురికీ ఒకేసారి అర్థమైంది. అయ్య ముఖం తెర మీద కనిపించాలంటే ఆయన తిరిగి ఉండాలి. తిరిగి ఉంటే అమ్మ గంగమ్మ మీద వేసిన ఒట్టు అబద్ధం, అయ్య చావు అమ్మ నెత్తి మీద. తిరక్కపోతే అమ్మ బతికిపోతుంది, కానీ అయ్య ముఖం మాకు ఎప్పటికీ లేదు. మామ్మ అమ్మ వైపు చూసింది. అమ్మ చేపల నీళ్ళు పారబొయ్యడానికి బయటికి వెళ్ళింది. నాకేం కావాలో నాకు బాగా తెలుసు. నాకు ముఖం కావాలి. అమ్మ ఏమైనా సరే, ముఖం కావాలి. పిల్లలు మంచివాళ్ళని ఎవరు చెప్పారో గానీ వాళ్ళు పిల్లల్ని పెంచి ఉండరు.

ఆదివారం పేట మొత్తం కదిలింది. నూనె రాసి దువ్విన తలలు, పెట్టె అడుగు నుంచి తీసిన చీరలు, దారిలో తినడానికి రొయ్యల వేపుడు మూటలు. "మొగుడు పోనదానికి సినిమా ఏటమ్మా" అని ఎవరో గొణిగారు. మామ్మ గిర్రున తిరిగి, "దాని మొగుణ్ణి సూడ్డానికే ఎల్తంది. నీ మొగుణ్ణి సూడ్డానిక్కాదు" అంది. అన్ని ఏళ్ళలో అమ్మ పక్షాన మామ్మ అన్న మొదటి మాట అది. అది కూడా అలవాటు కొద్దీ నోరు జారిందే తప్ప ప్రేమ కాదు.

హాల్లో ఫ్యాన్ల కింది సీట్లలో ఇంగ్లీషు అర్థమయ్యేవాళ్ళు కూర్చున్నారు. కాలేజీ కుర్రాళ్ళు, ఇస్త్రీ బట్టల ఆఫీసర్లు, వాళ్ళ భార్యలు. మేం మూటలు విప్పగానే వాళ్ళు జేబురుమాళ్ళు ముక్కుకు పెట్టుకున్నారు. సాయిబు మా మధ్య కూర్చుని అర్థం చెప్పే బాధ్యత తీసుకున్నాడు. అతనికి వచ్చిన ఇంగ్లీషంతా కాలరు, కఫ్, బటను. అయినా చాలా ధీమాగా చెప్పాడు.

కథ ఏముంది? తెల్లవాడొకడు ఓడ మునిగి ఏదో దీవికి కొట్టుకొస్తాడు. అక్కడ అడవి మనుషులుంటారు. గంట గడిచినా మా ఊరు రాలేదు. తెల్లవాడు, తెల్లమ్మాయి, వాళ్ళ ముద్దులు. సాయిబు కుట్టిన కోట్లు ఒక్కటీ రాలేదు. అతను "ఇప్పుడొస్తాయి, ఇప్పుడొస్తాయి" అంటూ ముందుకు వంగి వంగి, ఆఖరికి మాట్లాడటం మానేశాడు. ప్రపంచమంతా చూస్తుందన్న సినిమా ఎంత నాసిగా ఉందో చెప్పలేను. తుపాను సీనులో నీళ్ళు బకెట్లతో పోసినట్టు తెలిసిపోతోంది. మావాళ్ళు నవ్వారు. తుపాను అంటే ఏమిటో మావాళ్ళకి ఎవడో బకెట్లతో చూపించాలా?

తరవాత మా ఒడ్డు వచ్చింది. మా కొండ వచ్చింది, దాని మీదుండే లైట్‌హౌసు కనపడకుండా తీశారు. పేట అంతా ఒక్కసారి "అదిగో!" అని అరిచింది. మా ఇళ్ళు చూపించారు, మా చేపలు, మా కాకులు. తెర మీద తెల్లవాడు వాటిని చూసి ముక్కు మూసుకుని ఏదో అన్నాడు. ఫ్యాన్ల కింది సీట్లు ఘొల్లుమన్నాయి. "ఏటన్నాడు సాయిబూ?" అని మామ్మ అడిగింది. సాయిబు ఆ ఒక్క మాటకి అర్థం చెప్పలేదు. అడవి మనుషులం అంటే మేమే అని అప్పుడు తెలిసింది మాకు.

అంతలో అయ్య వచ్చాడు.

వీపు. నీళ్ళకి మెరుస్తున్న నల్లటి వీపు. ఎడమ భుజం కిందికి వాల్చి, తెప్పను తోసుకుంటూ నీళ్ళలోకి నడుస్తున్నాడు. నేను కూర్చునే భుజాలు అవి. నేను పట్టుకునే జుట్టు అది. మామ్మ గొంతులోంచి ఏడుపో నవ్వో తెలియని శబ్దం వచ్చింది. అమ్మ నా చెయ్యి పట్టుకుంది. అలా పట్టుకోవడం ముందెప్పుడూ లేదు, వేళ్ళు విరుగుతాయేమో అనుకున్నాను. మోకాళ్ళ లోతు. తొడల లోతు. నడుం లోతు. సినిమాలో ఎక్కడి నుంచో ఒక ఆడగొంతు పిలిచింది. అది మా అమ్మ గొంతు కాదు, మా మాట కాదు, అసలు ఏ భాషా కాదు. అయినా ఆ పిలుపుకి తెర మీది మనిషి ఆగాడు. తిరిగాడు.

వాడు మా అయ్య కాదు.

తెల్లవాడు. ముఖానికి మసి లాంటి రంగు పూసుకున్న తెల్లవాడు. కళ్ళు పిల్లి కళ్ళు. చెవుల పక్కన రంగు అంటక పాలిపోయి కనిపిస్తోంది. భుజాలు రెండూ సమానంగా ఉన్నాయి. పళ్ళు బయటపెట్టి, కళ్ళు పెద్దవి చేసి, గుడ్లురిమి చూశాడు. ఫ్యాన్ల కింది సీట్లలో పిల్లలు భయపడ్డారు.

మామ్మ లేచి నిలబడింది. "ఈడెవుడ్రా? నా కొడుకేడీ? ఒరే, నా కొడుకేడ్రా?"

హాలంతా నవ్వింది. "కూర్చో ముసలమ్మా" అని ఎవరో ఈల వేశారు. మామ్మ కూర్చోలేదు. వీపు ఆడిదే, మొకం ఎవుడిది, అని తెరకేసి చెయ్యి చాపి అడుగుతూనే ఉంది. టార్చి లైటువాడు వచ్చాడు. సాయిబు మామ్మను పొదివి పట్టుకుని బయటికి నడిపించాడు. వెనకే అమ్మ, నేను. నా చేతిని అమ్మ ఎప్పుడో వదిలేసింది. గుమ్మం దగ్గర చూస్తే ఆమె నోట్లో కొంగు కుక్కుకుని ఉంది. అయ్య కనపడనందుకు ఏడుస్తోందనుకున్నాను.

బయట ఎండ కళ్ళు పొడిచేలా ఉంది. హాలు గోడ నీడలో మామ్మ చతికిలబడింది. సాయిబు సోడా తెస్తానని వెళ్ళాడు. లోపల నుంచి ఇంకా నవ్వులు వినిపిస్తున్నాయి. మామ్మ నేలకేసి చూస్తూ, తనలో తనే అన్నట్టు మొదలుపెట్టింది.

"ఆడు తిరిగుంటే ఆడి మొకమే ఎట్టుందురు. ఎట్టనేదు. ఇంకోడికి రంగేసి తిప్పినారు. అంటే ఆడు తిరగనేదు. దొర సెప్పినా తిరగనేదు. పెళ్ళాం పిలిసినా తిరగనేదు." తలెత్తి అమ్మను చూసింది. "నీ తప్పు నేదే. నువ్వు నిజమే సెప్పినావు. నానే..."

సాయిబు తెచ్చిన సోడాను చేత్తో పక్కకి నెట్టింది. "ఇదొద్దు. దాన్ని నీల్లియ్యమను" అంది.

ఎదురుగా కిళ్ళీకొట్టు ముందు కుండ ఉంది. అమ్మ గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. పరుగున వచ్చేసరికి సగం నీళ్ళు దారిలోనే ఒలికిపోయాయి. మిగిలినవి మామ్మ గటగటా తాగేసింది. తాగి, అమ్మ నెత్తి మీద చెయ్యి వేసింది. అప్పుడు అమ్మ ఏడ్చిన ఏడుపు నేను మళ్ళీ ఎప్పుడూ వినలేదు.

ఇంటికి వెళ్ళాక ఒక పొయ్యి తీసేశారు. తరవాత మామ్మ బతికినంత కాలం బజారులో చేపల బుట్ట ముందు కూర్చుని ఆ కథే చెప్పింది. నా కొడుకు దొర సెప్పినా తిరగనేదు, అందుకే తెల్లోడు మసి పూసుకోవల్సి వొచ్చినాది, అని. ఆ గర్వంతోనే పోయింది. అమ్మ మాత్రం మళ్ళీ సినిమా హాలు గుమ్మం తొక్కలేదు. నాకు ఉద్యోగం వచ్చాక ఎన్నిసార్లు పిలిచినా, ఇంట్లో టీవీ కొన్నాక కూడా, తెర వైపు వీపు పెట్టి కూర్చుని కూరగాయలు తరుక్కునేది. అయ్య ముఖం చూపించనందుకు ఆ సినిమా మీద నాకెంత కోపమో ఆమెకూ అంతే ఉందనుకున్నాను.

అప్పటికి పేటను ఖాళీ చేయించేశారు. మేము మల్కాపురంలో ఉన్నాం. అమ్మ ఆఖరి రోజుల్లో ఒక మధ్యాహ్నం నేను కంచంలో చారన్నం కలిపి నోట్లో పెడుతున్నాను. ఎందుకు వచ్చిందో ఆ మాట, మా అయ్య ఎలా ఉండేవాడమ్మా, నాకు ముఖమే తెలీదు, అన్నాను. అమ్మ నమలడం ఆపింది.

"తిరిగినాడే" అంది.

"ఎవరు?"

"మీ అయ్య. ఆ రోజు." ఆమె చూపు నా మీద లేదు. "నాను పిలిస్తే తిరక్కుండా ఎల్లిపోతాడేటే మీ అయ్య? తిరిగినాడు. ఆ రేకుల ఎండ కళ్ళలో పడి కళ్ళు సిట్లించుకున్నాడు. సిట్లించుకునే నవ్వినాడు. పిచ్చిముండా అన్నట్టుగ తలాడించి ఎల్లిపోనాడు. రమ్మనీసి మళ్ళా పిలవాల నాను. కూకోబెట్టాల, నీల్లియ్యాల. దొర సప్పట్లు కొట్టీసరికి మరిసిపోనాను."

నేను ముద్ద కంచంలో పెట్టేశాను.

"ఆ సినిమాల ఆడు తిరుగుతాడని ఎంత బయపడ్డాను" అంది మళ్ళీ. "తిరిగితే బాగుణ్ణని ఎంత సూసినాను. మీ మామ్మ నీల్లు తాగిననాడే అనుకున్నాను, ఇంక ఆ మొకం ఎవలకీ సెప్పుకోడానికి నేదని."

ఇంకా అడగాలనుకున్నాను. ముక్కు ఎలా ఉండేది, నవ్వితే బుగ్గ సొట్ట పడేదా, నాలో ఏమైనా ఆయన పోలిక ఉందా అని. అమ్మ కళ్ళు మూసుకుంది. ఆమె పెదవులు కొంచెం కదిలాయి. ఆ కళ్ళ వెనక ఎవరు తిరిగి నవ్వుతున్నారో నాకు తెలుస్తూనే ఉంది. ఆ వారమే అమ్మ పోయింది.

దొరలు ఆ ముఖాన్ని కెమెరాతో తీశారు. కళ్ళు చిట్లించాడని కాబోలు, అడవి మనిషి నవ్వకూడదని కాబోలు, కత్తిరించి ఏ చెత్తబుట్టలోనో పడేశారు. లోకం మొత్తంలో అయ్యకు ఉన్న ఒకే ఒక్క ఫొటో అది. వాళ్ళకది రెండు సెకన్లు.

ఇప్పటికీ నేను కళ్ళు మూసుకుని అయ్యను తలుచుకుంటే ముందు వీపు వస్తుంది. వాలిన భుజం వస్తుంది. నీళ్ళలోకి నడుస్తాడు. నేను పిలుస్తాను. అయ్య ఆగుతాడు, తిరుగుతాడు. తిరిగేది ప్రతిసారీ ఆ మసి పూసుకున్న పరాయివాడే.